అమ్మకి చెప్పడానికి నా దగ్గర తెలుగు మాట లేదు



మీకు నా మొహం సరిగ్గా కనిపించట్లేదు కదా. లైట్ వెనక నుంచి పెట్టమని నేనే అడిగాను. పేరు కూడా చెప్పట్లేదు. "అంత భయమైతే అసలు మాట్లాడటానికి ఎందుకొచ్చావ్?" అని మీకు అనిపించొచ్చు. నా గురించి నాకిప్పుడు భయం లేదు. కానీ మా అమ్మ ఇంకా ఆ ఊళ్లోనే ఉంటుంది. పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్లాలి, డ్వాక్రా మీటింగ్‌లో కూర్చోవాలి. నేను ఇక్కడ మొహం చూపిస్తే, అక్కడ తల దించుకుని నడవాల్సింది తను. అందుకే ఇలా.

మాది రేపల్లె వైపు ఒక పల్లెటూరు. నాన్న వ్యవసాయం. వరి కోశాక అదే చేలో మినుము చల్లేవాళ్లు. ఒక అన్నయ్య, నేను. చదువులో బాగానే ఉండేదాన్ని. టెన్త్ 2012లో అయింది. మంచి మార్కులొచ్చాయని గుంటూరులో ఇంటర్ హాస్టల్లో వేశారు. ఎంపీసీ. ఆ హాస్టళ్ల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొద్దున ఐదింటికి లేపడం, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, ఆదివారం కూడా టెస్టులు.

ఆ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి. నరసరావుపేట వైపు వాళ్లది. తను నా తల దువ్వేది, నేను తనకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇంటి నుంచి అమ్మ పంపిన సున్నుండల్లో సగం తనకి. ఇదంతా మామూలే, ప్రతి హాస్టల్లోనూ ఉంటుంది. కానీ తను సెలవులకి ఊరెళ్తే నాకు అన్నం సహించేది కాదు. తను వేరే అమ్మాయితో నవ్వుతూ మాట్లాడితే కడుపులో మంట. రాత్రిపూట తన చెయ్యి నా చేతికి తగిలితే నిద్ర పట్టేది కాదు.

ఇందులో కష్టం ఏంటంటే, నన్ను ఎవరూ అనుమానించలేదు. మా వైపు ఇద్దరు అబ్బాయిలు కాస్త దగ్గరగా ఉంటే చాలు "తేడా" అంటారు, "పాయింట్ ఫైవ్" అంటారు, నవ్వుతారు. ఆ మాటలు ఎంత దారుణమో నాకు తెలుసు. కానీ ఇద్దరు అమ్మాయిలు ఒకే దుప్పట్లో పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. "ఎంత ఫ్రెండ్‌షిప్పో" అంటారు. అంటే అబ్బాయిలకి కనీసం ఒక తిట్టైనా ఉంది. నాకు తిట్టు కూడా లేదు. తిట్టైనా ఉంటే, ఇలాంటివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారని అర్థమయ్యేది. పేరే లేని దాన్ని నేను ఏమనుకోవాలి? పిచ్చి అనుకున్నాను.

ఇంటర్ అయిన మరుసటి ఏడాది తనకి పెళ్లి చేశారు. 2015, వేసవి. పద్దెనిమిది నిండాయంతే. నేను వెళ్లాను. పెళ్లికూతురి పక్కన నిలబడి, తలంబ్రాల పళ్లెం పట్టుకున్నది నేనే. తాళి కట్టేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ల అమ్మగారు నన్ను దగ్గరికి తీసుకుని, "ఊరుకో అమ్మా, నీకూ త్వరలోనే అవుతుందిలే" అన్నారు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ నన్ను నేను మొదటిసారి సూటిగా అడిగాను. ఇది ఫ్రెండ్‌షిప్పేనా?

జవాబు వెంటనే దొరకలేదు. సినిమాల్లో ఒక్క సీన్‌లో తెలిసిపోయినట్టు చూపిస్తారు. నాకు మాత్రం ఏళ్లు పట్టింది. ఈలోపు నన్ను నేను రకరకాలుగా పరీక్ష పెట్టుకున్నాను.

మొదట, అమ్మాయిని ఇష్టపడుతున్నానంటే నేను లోపల అబ్బాయినేమో అనుకున్నాను. బీటెక్ సెకండియర్‌లో జుట్టు భుజాల పైకి కత్తిరించుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అన్నయ్య చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలో ఉన్నది నేనే. అమ్మాయినే. అందులో నాకేం ఇబ్బంది అనిపించలేదు. ఇవి రెండూ వేరు వేరు విషయాలని నాకు చాలా తర్వాత తెలిసింది. నేను ఎవరు, అమ్మాయినా అబ్బాయినా మరొకటా అనేది ఒక ప్రశ్న. నా మనసు ఎవరి వైపు వెళ్తుంది అనేది ఇంకో ప్రశ్న. పుట్టినప్పుడు రాసిన దానికి, లోపల అనిపించేదానికి పొంతన కుదరనివాళ్లు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. వాళ్ల పోరాటం వేరు. నాది రెండో ప్రశ్న. అప్పట్లో ఈ తేడా చెప్పేవాళ్లు ఒక్కరు ఉన్నా, అద్దం ముందు అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

తర్వాత ఒక అబ్బాయి ప్రపోజ్ చేస్తే సరే అన్నాను. చాలా మంచోడు. నేను ఒప్పుకున్నది తన మీద ఇష్టంతో కాదు, నేను అందరిలాగే ఉన్నానని నాకు నేను రుజువు చేసుకోడానికి. ఎనిమిది నెలలు. తను చెయ్యి పట్టుకుంటే నాకు బస్సులో పక్క సీటు మనిషి చెయ్యి తగిలినట్టే ఉండేది. చివరికి ఏ కారణం చెప్పకుండా మాట్లాడటం మానేశాను. తను తనలోనే ఏదో లోపం ఉందనుకున్నాడు. ఈ వీడియో తన దాకా వెళ్తే, సారీ. తప్పు నీది కాదు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, గుర్తుందా? ఫ్రీ డేటా. అంతకుముందు నెట్ సెంటర్‌లో ఈ విషయం వెతకాలంటే భయం, వెనక ఎవరైనా చూస్తారేమోనని. ఇప్పుడు నా ఫోన్, నా డేటా. దుప్పటి కప్పుకుని తెలుగులో టైప్ చేశాను, అమ్మాయికి అమ్మాయి మీద ఇష్టం అని. వచ్చినవన్నీ బూతు కథలు. ఫోన్ పక్కన పడేశాను. నాకు అంత పవిత్రంగా అనిపించిన దాన్ని తీసుకెళ్లి బురదలో వేసినట్టు అనిపించింది.

మళ్లీ కొన్నాళ్లకి ఇంగ్లీషులో వెతికాను. అప్పుడు తెలిసింది. దానికి లెస్బియన్ అనే మాట ఉందని. ఇద్దరి మీదా ఇష్టం కలిగేవాళ్లని బైసెక్సువల్ అంటారని. ఎవరి మీదా ఆ కోరిక కలగనివాళ్లూ ఉంటారని, వాళ్లని అసెక్సువల్ అంటారని. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఇష్టాన్ని రోగాల జాబితాలోంచి 1990లోనే తీసేసిందని. అంటే నేను పుట్టకముందే తీసేశారు! నాకు రోగం లేదని నేను పుట్టకముందే ప్రపంచానికి తెలుసు. మా ఊరికి ఆ వార్త రాలేదు, అంతే.

2018లో బీటెక్ అయ్యాక కోచింగ్‌కి హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్. సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సెక్షన్ 377, 1860 నాటి బ్రిటిష్‌వాళ్ల చట్టం. పెద్దవాళ్లైన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని ఐదుగురు జడ్జీలు చెప్పారు. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇదే మాట చెబితే 2013లో సుప్రీంకోర్టే కొట్టేసింది. మళ్లీ ఐదేళ్లకి ఇది. హాస్టల్ డైనింగ్ హాల్లో టీవీ నడుస్తోంది. కింద పెద్ద అక్షరాలతో "స్వలింగ సంపర్కం నేరం కాదు" అని స్క్రోలింగ్. వడ్డించే ఆంటీ "ఛీ, కలికాలం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందని. దేశంలో ఆ రోజు ఎంతమంది సంతోషంతో ఏడ్చారో. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి నవ్వినందుకు ఏడ్చాను.

ఇంకోటి గమనించాను. సంపర్కం. మన తెలుగులో ఉన్న మాట కూడా శరీరాల గురించే. నేను ఆ అమ్మాయికి సున్నుండలు దాచిపెట్టడం, తను ఊరెళ్తే అన్నం సహించకపోవడం... ఆ మాటలో ఎక్కడుంది ఇదంతా? ఈ మాట పట్టుకెళ్లి అమ్మ ముందు ఎలా పెట్టను?

కానీ చెప్పాల్సిన రోజు వచ్చింది. 2019లో ఉద్యోగం వచ్చింది. 2020లో లాక్‌డౌన్, వర్క్ ఫ్రమ్ హోమ్, ఊరికి వెళ్లిపోయాను. ఇక ఇంట్లోనే ఉన్నానుగా, సంబంధాలు మొదలు. జీతం తక్కువన్నాను, కెరీర్ అన్నాను, జాతకం కుదరలేదని ఒకటి తప్పించుకున్నాను. 2021లో ఒక సంబంధం అందరికీ నచ్చింది. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. మాటలైపోయాయి. ఒకరోజు రాత్రి అమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"అమ్మా, నాకు మగవాళ్ల మీద ఆ మనసు రాదమ్మా. ఆడపిల్లల మీదే వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే."

అంతే చెప్పాను. ఏ పేరూ వాడలేదు. అమ్మ గిన్నె తోముతూనే ఉంది. చాలాసేపటికి, "ఎవురితోనన్నా అన్నావా ఈ మాట?" అంది. లేదన్నాను. "అనమాక" అంది. అంతే. నేను ఊపిరి పీల్చుకున్నాను, అమ్మకి అర్థమైందని. తెల్లారేసరికి నాన్నకి తెలుసు, అన్నయ్యకి తెలుసు. నా ఫోన్ అన్నయ్య చేతిలో ఉంది.

"ఎవత్తే అది?" ఇదే ప్రశ్న, పది రోజులు. ఎవరూ లేరంటే నమ్మరు. నిజంగానే ఎవరూ లేరు. అప్పటికి నేను ఎవరితోనూ రిలేషన్‌లో లేను. ఒక అమ్మాయి వచ్చి నన్ను చెడగొట్టి ఉంటుందని వాళ్లకి అనిపించింది. ఇది నేనే అంటే వాళ్లకి తట్టుకోవడం కష్టం. ఇంకెవరో అంటే తేలిక.

గుంటూరులో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అందర్నీ బయటికి పంపించి నాతో అరగంట మాట్లాడారు. తర్వాత అమ్మానాన్నని పిలిచి, "అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ. దీనికి మందు ఉండదు, అక్కర్లేదు. బలవంతంగా పెళ్లి చేస్తే అప్పుడొస్తుంది జబ్బు" అన్నారు. నాకు ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది. బయటికొచ్చాక నాన్న అన్న మాట, "ఈయనకేం తెలవదు. ఇంకో డాక్టర్ని చూద్దాం."

ఆ ఇంకొకాయన ఆరు నెలల్లో మార్చేస్తానన్నాడు. ఏవో బిళ్లలు ఇచ్చాడు. వేసుకుంటే రోజంతా మత్తు, నోరు ఎండిపోయేది, ఆఫీస్ కాల్స్‌లో మాట తడబడేది. మూడు వారాలు వేసుకున్నాను. ఆ తర్వాత అమ్మ చూడకుండా తులసికోట వెనక పాతిపెట్టేదాన్ని. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఇది జబ్బు కాదని మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘమే 2018లో చెప్పింది. మారుస్తామని చేసే వైద్యం వృత్తిపరమైన తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది. కాబట్టి "మార్చేస్తాం" అని ఎవరైనా అంటే ఆయన గోడ మీద ఎన్ని డిగ్రీలున్నా సరే, లేచి వచ్చేయండి.

పెళ్లికి ముహూర్తం పెట్టేశారు. ఒక్కోసారి ఒప్పేసుకుందాం అనిపించేది. చేసుకుంటే అమ్మ నవ్వుతుంది, నాన్న మాట్లాడతారు, ఫోన్ తిరిగొస్తుంది. ఎంతమంది చేసుకోలేదు? కానీ బీటెక్‌లో ఆ అబ్బాయి మొహం గుర్తొచ్చేది. తన తప్పేంటో తెలియక ఎనిమిది నెలలు నలిగాడు. ఇప్పుడు ఇంకొకడిని తాళితో కట్టి జీవితాంతం అలా నలపాలా? నా మీద నాకు జాలి ఉంది, నిజమే. దానికి అతను ఎందుకు వెల కట్టాలి?

నిశ్చయ తాంబూలాలకి ముందు ఒకసారి మాట్లాడుకోమని మా ఇద్దరికీ ఫోన్ ఇచ్చారు. నేను గబగబా చెప్పేశాను. "అండీ, నాకు ఈ పెళ్లి ఇష్టం లేదు. మీ లోపం ఏమీ లేదు. దయచేసి మీరే వద్దని చెప్పండి." ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. "లేరండీ" అన్నాను. "సరే" అన్నారు. రెండు రోజులకి వాళ్ల వైపు నుంచి వద్దని కబురొచ్చింది. కారణం చెప్పలేదంట. ఆయనెవరో గానీ, చల్లగా ఉండాలి.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో వివరంగా చెప్పను. ఒకసారి చెయ్యి చేసుకున్నారు. తలుపుకి బయట గొళ్లెం పెట్టారు. 2022 మొదట్లో ఆఫీస్‌కి రమ్మని మెయిల్ వచ్చింది. రాకపోతే ఉద్యోగం పోతుందంటే జీతం కోసం పంపించారు, నెల తర్వాత వచ్చేయాలన్న షరతు మీద. బట్టలు రెండు జతలు పెట్టుకున్నాను. సర్టిఫికెట్లు మాత్రం అన్నీ పెట్టుకున్నాను. టెన్త్ మెమో, డిగ్రీ, ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్. బస్సెక్కేటప్పుడు అమ్మ పచ్చడి సీసా ఇచ్చింది. నేను తిరిగి రానని తనకి తెలుసనే నాకు అనిపిస్తుంది.

నెల తర్వాత వెళ్లలేదు. అమ్మాయి కనబడట్లేదని కేసు పెట్టారు. నేనే ఆధార్ తీసుకుని హైదరాబాద్‌లో దగ్గర ఉన్న పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. నేను మేజర్‌ని, ఉద్యోగం చేసుకుంటున్నాను, నా ఇష్టంతోనే ఇక్కడ ఉంటున్నాను అని స్టేట్‌మెంట్ రాసిచ్చాను. కారణం రాయలేదు, అక్కర్లేదు కూడా. అక్కడున్న మేడమ్ నాన్నకి ఫోన్ చేసి, "మీ అమ్మాయి క్షేమంగా ఉంది" అని చెప్పి పెట్టేశారు. అంతటితో అయిపోయింది. ఇరవై నాలుగేళ్ల బంధం ఒక తెల్లకాగితం మీద సంతకంతో.

ఇది వింటున్నవాళ్లలో ఇంకా తేలక కొట్టుకుంటున్నవాళ్లు ఉంటారు. మీకు నాలుగు మాటలు.

ఒకటి, తేలకపోవడం తప్పు కాదు. దానికి గడువు లేదు. ఈ రోజు ఒకలా అనిపించి, ఇంకో రెండేళ్లకి ఇంకోలా అర్థమైనా మీరు అబద్ధాలాడినట్టు కాదు. పదిహేనేళ్లప్పుడు మొదలైన ప్రశ్నకి నాకు ఇరవై దాటాక గానీ జవాబు రాలేదు.

రెండు, దాచుకోవడం పిరికితనం కాదు. మీరు తినే అన్నం, ఉండే గది ఇంకొకళ్ల చేతుల్లో ఉన్నంతకాలం, చెప్పడం కంటే క్షేమంగా ఉండటం ముఖ్యం. నేను ఉద్యోగం ఉండి చెప్పాను కాబట్టి బస్సెక్కగలిగాను. అదే ఇంటర్‌లో చెప్పుంటే ఏమయ్యేదో. ముందు చదువు, తర్వాత మీ పేరు మీద బ్యాంక్ అకౌంట్, మీ చేతిలో మీ సర్టిఫికెట్లు. చెప్పడం ఆ తర్వాత.

మూడు, తప్పించుకోడానికి ఇంకొకళ్లని పెళ్లి చేసుకోకండి. ముఖ్యంగా అబ్బాయిలకి చెప్తున్నాను. మీకు మీ ఇంట్లో ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు. కానీ మన ఊళ్లల్లో పెళ్లయ్యాక నలిగేది ఆ అమ్మాయే. పిల్లలు పుట్టకపోతే తనని అంటారు, మొగుడు దగ్గరికి రాకపోతే తనని అంటారు.

నాలుగు, చచ్చిపోవాలని అనిపిస్తే ఆ రాత్రి ఒక్కళ్లే ఉండకండి. నాకూ అనిపించింది, ఆ బిళ్లలు వేసుకున్న రోజుల్లో. 14416 ప్రభుత్వం నడిపే టెలీ మానస్. ఫ్రీ, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో కొడుతున్నా, బంధించినా ఆడపిల్లలకి 181, ఎవరికైనా 112. ఉచితంగా లాయర్ కావాలంటే 15100. చట్టం కూడా కొంచెం కొంచెం మన వైపు జరుగుతోంది. ఇంట్లోవాళ్లు బంధించారని ఇలాంటి కేసు కోర్టుకి వస్తే, ఆ మనిషితో విడిగా మాట్లాడాలి, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చాలని చూడకూడదు అని 2024లో సుప్రీంకోర్టు హైకోర్టులకి చెప్పింది. పెళ్లి హక్కు మాత్రం 2023లో అడిగితే ఇవ్వలేదు. అది ఇంకా రావాలి.

చివరగా. మా ఇంట్లో అంతా బాగైపోయిందని మీరు అనుకోవాలని ఉంటుంది. కాలేదు. నాన్న నాతో మాట్లాడి మూడేళ్లు దాటింది. అన్నయ్య పెళ్లి ఫోటోలు వేరేవాళ్ల స్టేటస్‌లో చూశాను. నన్ను పిలవలేదు.

అమ్మ మాత్రం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఇంటి నుంచి కాదు, పాలకేంద్రం దగ్గర నుంచి. నాన్న చేలోకి వెళ్లాక. "తిన్నావా? ఏం కూర?" ఇదే. ఆ విషయం ఎత్తదు, నేనూ ఎత్తను. కానీ పోయిన నెల ఉన్నట్టుండి అడిగింది. "ఒక్కదానివే ఉంటున్నావా, ఎవురన్నా తోడున్నారా?" ఎవరు అని అడగలేదు. ఆడా మగా అని అడగలేదు.

"ఉన్నారమ్మా" అన్నాను.

కాసేపు ఆగి, "వంట వచ్చా ఆ పిల్లకి?" అంది.

ఆ పిల్ల. ఇన్నేళ్లూ నేను ఏ మాట కోసం వెతికానో, అది మా అమ్మ నోట్లోంచి వచ్చింది. ఒప్పుకుందని నేను అనట్లేదు. ఇంటికి రమ్మనలేదు, రమ్మంటుందని కూడా అనుకోవట్లేదు. కానీ మీలో ఎవరైనా, తమ గురించి చెప్పుకోడానికి తెలుగులో మాట లేదని ఏడుస్తుంటే, అది ఇంకా తయారవుతోంది. కొంచెం ఓపిక పట్టండి. ముందు మీరు బతికి ఉండండి.